సాంచాల చప్పుడును నమ్మి

మా కార్ఖానాలో మాటకు శబ్దంతో పని లేదు. రేకుల కప్పు కింద పన్నెండు సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఒక్కసారే ఆడుతుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినపడదు. అందుకే సాంచాలు నడిపేవాళ్లమంతా పెదవులు చూసి మాట్లాడుకుంటాం. ఆ చివర నుంచి అంజన్న "చాయ్ తాగుదామా" అని ఊరికే నోరు కదిపితే, ఈ చివర నేను "ఈ నూలు కండె అయిపోనీ" అని నోరు కదుపుతాను. నడుమ ఓంప్రకాశ్ "నాకు సుత" అంటాడు. ఇది ఎవరూ నేర్పరు. ఏడాది పాటు సాంచా పక్కన నిలబడితే కళ్లకే చెవులు మొలుస్తాయి. మా బాపు మొగిలికి ఇందులో ముప్పై ఏళ్ల అనుభవం. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, వెనక్కి తిరిగి ఏమైనా చెబితే ఆయనకు సగం అర్థం కాదు. "ఇటు తిరిగి చెప్పవే" అంటాడు.

బయటివాళ్లకు ఇది వింత. మాకు బువ్వ తిన్నంత మామూలు. అంత మామూలు కాబట్టే ఆ ఎండాకాలం నాకు అది యాదికి రాలేదు.

ఏప్రిల్ నెలాఖరున మా చెల్లెలు అమూల్య పదో తరగతి పాసైంది. ఆరువందలకు ఐదువందల డెబ్బై నాలుగు. కరెంటు పోతే తప్ప సాంచా ఆపని బాపు, ఆ పూట నడుస్తున్న సాంచా ఆపి ఇంటికొచ్చాడు. అమూల్య తల మీద చెయ్యి పెట్టి, దూది అంటిన ఆ చేతిని మళ్లీ తీసి తువ్వాలకు తుడుచుకున్నాడు. నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క బాపు పక్క సాంచా మీదికే వచ్చినవాణ్ని. నా చెల్లెలు అట్లా కాకూడదని నాకు పట్టుదల. ఆ పట్టుదలతోనే పోయి ఫ్లెక్సీ కొట్టించాను.

మా పేటలో పెళ్లికి ఫ్లెక్సీ, పుట్టినరోజుకు ఫ్లెక్సీ, దశదినకర్మకు ఫ్లెక్సీ. చౌరస్తాలో బొమ్మ పడకపోతే జరిగింది కూడా జరగనట్టే. ఫ్లెక్సీల దేవదాస్ నాతో బడిలో చదివినవాడే. కంప్యూటర్ ముందు కూర్చుని అమూల్య హాల్‌టికెట్ ఫొటోను సాగదీశాడు. బడి పేరు వేశాడు, బాపు పేరు వేశాడు, గల్లీ పేరు వేశాడు.

"కింద జాగ ఖాలీగ ఉన్నదిరా నరేశ్. నెంబర్ ఎయ్యాల్నా?"

"నెంబర్ ఎందుకురా?"

"అభినందనలు చెప్పెటోళ్లు ఎవలకు చెయ్యాలె మరి ఫోన్? నీ నెంబర్ ఏస్తే కార్ఖానల నీకు ఇనవడతదా?"

నిజమే అనిపించింది. ఇంట్లో ఉండే ఫోన్ నెంబర్ చెప్పాను. అది అమూల్య చేతిలో ఉండే ఫోన్.

ఎనిమిదడుగుల ఫ్లెక్సీ చౌరస్తాలో లేచింది. చూపించడానికి అందరినీ తీసుకుపోయాను. అమూల్య తన ముఖాన్ని తల ఎత్తి చూసుకుని నవ్వాపుకోలేకపోయింది.

"అన్నా, నా ముక్కు గ్యాస్ సిలిండర్ లెక్క ఉన్నది."

"దిష్టి తాకుతదిరా," అంది అవ్వ. "చెంప మీద నల్ల చుక్కన్న పెట్టియ్యకపోతివి."

"నెంబర్ ఎందుకేసినవన్నా?"

"మంత్రులు గింత్రులు ఫోన్ చేస్తరే. జర మంచిగ మాట్లాడు."

ఫ్లెక్సీకి ఫొటో తీసి నాకున్న గ్రూపులన్నిటిలో పెట్టాను. బడి గ్రూపు, కులపోళ్ల గ్రూపు, క్రికెట్ పోరగాళ్ల గ్రూపు. అక్కడి నుంచి ఎవరు ఎటు పంపారో ఎవరికి తెలుసు. వారం రోజులు ఆ ఫోన్ మోగుతూనే ఉంది. అమూల్య ప్రతి ఒక్కరికీ "థాంక్యూ అంకుల్, థాంక్యూ ఆంటీ" అని ఓపికగా చెప్పింది.

మే మొదట్లో ఒకరోజు అన్నం తింటూ సంబరంగా చెప్పింది.

"భవ్యశ్రీ అని ఒక అక్క మెసేజ్ చేసిందన్నా. ట్రిపుల్ ఐటీల సదువుతదట. నా ఫ్లెక్సీ ఎక్కడ్నో చూసిందట. ఫారం ఎట్ల నింపాల్నో అంతా చెప్తదట."

"మంచిదే గదా," అన్నాను.

అవ్వ చాటలో బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. "ఏ ఊరామె?"

"అడగలేదవ్వా."

"ఊరు అడగకుంట అక్క ఎట్లయితదే?"

మేమిద్దరం అవ్వను చూసి నవ్వాం. "నీ కాలం కాదే అవ్వా" అన్నాను నేను. డిగ్రీ చదివినవాణ్ని కదా.

ఆ తరువాత పది పన్నెండు రోజులకు ఇంట్లో ఒక్కొక్కటే మారిపోయింది. ఎండలు మండుతున్నాయి. రేకుల కింద మాకు ఒళ్లు ఉడికిపోతోంది. పొద్దున అంబలి తాగి పనిలోకి పోతే మధ్యాహ్నం అమూల్య సద్ది తెచ్చేది. వచ్చినప్పుడల్లా నా సాంచా పక్కన నిలబడి, అంజన్న ముఖం చూసి పెదవులతోనే "తాతా, పోగు తెగింది చూసుకో" అని ఆటపట్టించేది. సాంచాలోళ్ల బిడ్డ, ఆమెకూ ఆ భాష వచ్చు. ఇప్పుడు గిన్నె గడప మీద పెట్టి వెనక్కి చూడకుండా పోతోంది. ఇంట్లో ఫోన్ బోర్లా పెడుతోంది. అది గుర్రుమంటే ఉలిక్కిపడుతోంది. మామిడికాయ తొక్కు అంటే ప్రాణమిచ్చే పిల్ల అన్నం ముందు కూర్చుని గీతలు గీస్తోంది.

"ఏమైందే?" అంది అవ్వ.

"ఏం కాలే. ఎండకు."

ఎండే అనుకున్నాం. అనుకోవడం సులువు.

ఒకరోజు తెల్లవారి చౌరస్తాకు పోయేసరికి ఫ్లెక్సీలో అమూల్య ముఖం లేదు. ఎవరో రాయితో గీకారు. కళ్లు, ముక్కు, నోరు ఏమీ మిగల్లేదు. కింద నెంబర్ మీద పేడ పూసి ఉంది. అక్కడ చాయ్ తాగుతున్న పోరగాళ్లను పట్టుకుని బూతులు తిట్టాను. "మా చెల్లెకు మార్కులొస్తే మీకు మండుతున్నదిరా?" అన్నాను. వాళ్లు తెల్లముఖాలు వేశారు.

ఇంటికొచ్చి చెబితే అమూల్య తల వంచి బియ్యం ఏరుతూనే ఉంది. కాని ఆమె కుడిచేతి వేళ్ల గోళ్ల కింద నీలం రంగు ఉంది. ఫ్లెక్సీ రంగు.

అప్పుడు భయమేసింది నాకు.

ఇంట్లో అడగడానికి చోటు లేదు. మాది ఒకే అర్ర. అరుగు మీద అవ్వతో పాటు నలుగురు ఆడవాళ్లు బీడీలు చేస్తూ పొద్దంతా ఉంటారు. వెనక గోడ అంజన్న వాళ్ల ఇంటితో కలిసిన గోడ, అవతల పళ్లెం పడితే ఇవతల వినిపిస్తుంది. ఈ పిల్ల ఏదో చెప్పరానిది మోస్తోంది, నాలుగు చెవుల్లో పడితే పరువు పోతుంది అని నా బుద్ధి పని చేసింది. చాలా తెలివిగా పని చేసింది. చెవులు లేని చోటు ఎక్కడుందా అని వెతికాను.

"నడువు, కార్ఖానల కండెలు ఇయ్యాలె," అని తీసుకుపోయాను.

బాపు నూలు తేవడానికి బజారుకు పోయాడు. సాంచాలన్నీ ఆడుతున్నాయి. నేల అదురుతోంది. ఆమెను తీసుకుపోయి మూల గోడకు ఆనించి నిలబెట్టాను. నేను ఆమెకు ఎదురుగా, కార్ఖానాకు వీపు పెట్టి నిలబడ్డాను. ఈ చప్పుడులో దేవుడికి కూడా వినపడదు అనుకున్నాను.

"ఎవలే వాడు?" అన్నాను పెదవులతో.

ఆమె ముందు తల అడ్డంగా ఊపింది. తరువాత మొదలుపెట్టింది, ఇక ఆగలేదు.

ఆ భవ్యశ్రీ ఆడమనిషి కాదు. ఫారానికి కావాలని ముందు ఒక ఫొటో అడిగాడట. మూడో రోజు ఆమె ముఖాన్ని ఏదో చెడ్డ బొమ్మకు అతికించి పంపాడట. చెప్పినప్పుడల్లా వీడియో కాల్ ఎత్తాలి, చెప్పినట్టు వినాలి, లేకపోతే ఆ బొమ్మ బడి గ్రూపుకు పోతుంది, గల్లీ గల్లీకి పోతుంది అన్నాడట. బడి పేరు, బాపు పేరు, గల్లీ పేరు అన్నీ వాడి దగ్గరున్నాయి. ఉండవా మరి? నేనే రాసిచ్చాను.

"ఎత్తినవా?"

"ఒక్కసారి. ఏడ్చిన. కట్ చేసిన. అన్నా, బాపుకు చెప్పకు. అన్నా, నేను ఫొటో ఒక్కటే పంపిన, యూనిఫాంల ఉన్నది. గది నాది కాదన్నా, ఆ ఒళ్లు నాది కాదన్నా."

శబ్దం లేదు. పెదవులే. ప్రతి మాటా స్పష్టంగా చదివాను. నా చేతులు ఆమె భుజాల మీద పెట్టాను. "ఏం కాదు. నేనున్న," అన్నాను.

అప్పుడు ఒక తేడా తోచింది. చప్పుడు కొంచెం తగ్గినట్టుంది. వెనక్కి తిరిగాను. అంజన్న సాంచా ఆగి ఉంది. పోగు తెగినప్పుడు దానంతట అది ఆగుతుంది, వెంటనే ముడివేసి నడపాలి. అంజన్న ముడి వేయడం లేదు. నేను చూసేసరికి తల వంచి పడుగులో పోగు వెతకడం మొదలుపెట్టాడు. ఓంప్రకాశ్ ఇంకా నిండుగా ఉన్న కండెను తీసి మళ్లీ పెట్టాడు. ఇంకో ఇద్దరు బట్ట వంకే చూస్తున్నారు, ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడరు.

చూశాను. కాని ఆ క్షణంలో నా తలలో ఫోన్‌లో ఉన్నవాడే ఉన్నాడు. చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను.

ఆ మధ్యాహ్నమే సైబర్ నేరాలకు పెట్టిన పందొమ్మిది వందల ముప్పై నెంబర్‌కు ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున బస్సుకు బాపు, నేను, అమూల్య కరీంనగర్ పోయాం. బాపుకు దారిలో చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి, బస్సు దిగేదాకా ఇటు తిరగలేదు.

పోలీసు మేడం పేరు జ్యోతిరాణి. మమ్మల్ని బయట కూర్చోమని, అమూల్యకు మంచినీళ్లిచ్చి మాట్లాడింది. తరువాత మమ్మల్ని పిలిచింది.

"ఫోన్ల మెసేజ్‌లు ఏం తీసెయ్యలే గదా?"

"తీసెయ్యలే మేడం," అంది అమూల్య.

"తెలివైన పోరివి. మస్తుమంది భయపడి అన్ని కొట్టేస్తరు, మాకు వాణ్ని పట్టుకునే దారి ఉండది. ఇను బిడ్డా. తప్పు వాడు చేసిండు. నువ్వు చెయ్యలే. దినాం పొద్దుగాల లేస్తనే గిదే మాట అనుకో." బాపు వైపు తిరిగింది. "పిల్లను తిట్టకుండ్రి. చెప్పింది, అదే ఎక్కువ. చానమంది చెప్పరు."

"తిట్టను మేడం," అన్నాడు బాపు. "నా బిడ్డను నేనెందుకు తిడుత?"

తిరుగు బస్సులో అమూల్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎన్ని రోజులకు నిద్రపోయిందో.

ఇల్లు చేరేసరికి అరుగు మీద బీడీల ఆడవాళ్లు లేరు. అవ్వ ఒక్కతే చాట ముందేసుకుని కూర్చుంది, చేతులు ఆడటం లేదు.

"ఏమైందవ్వా?"

"బోరింగు కాడ అడుగుతున్నరురా. మీ పిల్ల ఫొటో ఏదో వచ్చిందట గదా, అని." అవ్వ చాట పక్కకు నెట్టింది. "నాకే సరిగ తెల్వదు. నా కంటె ముందు వాళ్లకెట్ల తెలిసిందిరా?"

వాడు పంపేశాడు అనుకున్నాను. రాత్రంతా గ్రూపులు వెతికాను. ఎక్కడా ఏమీ లేదు. అయినా మర్నాటి నుంచి అమూల్య బయటికి పోతే కిరాణా దుకాణం దగ్గర మాటలు ఆగిపోయేవి. ఆమెతో చదివిన పిల్ల దీపిక, రోజూ వచ్చేది, రావడం మానేసింది. వాళ్లమ్మ పంపలేదు. ఆ బొమ్మను మా పేటలో ఒక్కరూ చూడలేదు. చూసినట్టు అందరూ చెప్పుకున్నారు. ఒకరు అంగీకి చేతులు లేవన్నారు, ఒకరు పక్కన పోరడున్నాడన్నారు. ఎవరి బొమ్మ వాళ్లే గీసుకున్నారు.

జూన్ రెండో వారంలో జ్యోతిరాణి మేడం ఫోన్ చేసింది. వాణ్ని పట్టుకున్నారు. ఎక్కడో దూరపు ఊరు, ఇరవై రెండేళ్లవాడు. వాడి ఫోన్‌లో ఇంకా తొమ్మిది మంది పిల్లలున్నారట. "మీ పిల్ల బొమ్మ వాని ఫోన్ దాటలే తమ్మీ. ఎవ్వలకు పంపలే. మేము మంచిగ చూసినం."

సాంచా అట్లాగే వదిలేసి ఇంటికి ఉరికాను. అమూల్య గడపలో కూర్చుని అవ్వకు ఆకు తడుపుతోంది.

"దొరికిండే! వాడు దొరికిండు! ఎవ్వలకు పంపలేదట, ఒక్కరికి సుత పంపలేదట!"

ఆమె ముఖం విచ్చుకుంది. నిజంగా విచ్చుకుంది, నేను చూశాను. తరువాత మెల్లగా ముడుచుకుంది.

"ఎవ్వలకు పంపలేదా?"

"పంపలే. మేడమే చెప్పింది."

"మరి మన గల్లీల అందరికి ఎట్ల ఎరుకైందన్నా?"

ఆమె నా ముఖం వైపే చూస్తోంది. సాంచాలోళ్ల బిడ్డ. ఆ రోజు గోడకు ఆని నిలబడ్డది ఆమె. ఎదురుగా పన్నెండు సాంచాలు, వాటి దగ్గర నలుగురు మనుషులు, నా వీపు వెనక. ఆమె వాళ్లకు కనబడుతూ నిలబడింది. నేనే నిలబెట్టాను.

అమూల్య పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

కార్ఖాన, అన్నాయి.

ఆమె మళ్లీ వంగి ఆకు తడిపింది.

నాలుగు రోజులకు అంజన్న తనంతట తనే మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడ్డాడు. చిన్నప్పుడు అమూల్యను భుజాన ఎత్తుకుని తిప్పిన మనిషి.

"మొగిలి, నేను ఎవ్వలకు చెప్పలేదే. ఒట్టు. మా ఇంటిదానికి ఒక్కదానికే చెప్పిన. పోరి గట్ల ఏడుస్తుంటె నా పానం ఆగలే."

"కూసో అంజన్నా," అన్నాడు బాపు. చెంబుతో నీళ్లిచ్చాడు.

ఏమంటాం? ఆయన అబద్ధం ఆడలేదు. ఓంప్రకాశ్ కూడా వాళ్ల ఇంటిదానికి ఒక్కదానికే చెప్పాడు. మిగతా ఇద్దరూ అంతే. దుఃఖపడే చెప్పుకున్నారు. పేటంతా అట్లా జాలిపడింది, జాలి పడుతూనే నా చెల్లెల్ని ఇంట్లోంచి బయటికి రాకుండా చేసింది.

అప్పటి నుంచి అమూల్యకు ఒక అలవాటు పడింది. మాట్లాడేటప్పుడు చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అవ్వతో మాట్లాడినా, దేవుడికి మొక్కినా. బాపు "ఇటు తిరిగి చెప్పు బిడ్డా, నాకు తెలుస్తలేదు" అనేవాడు. ఆమె తిరిగేది, చున్నీ తీసేది కాదు. కొన్నాళ్లకు బాపు అడగడం మానేశాడు. ముప్పై ఏళ్ల చప్పుడు ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. బిడ్డ మాట ఆయనకు చేరే దారి అదొక్కటే ఉండేది.

ట్రిపుల్ ఐటీ ఫారం ఆమె నింపలేదు. ఎంత చెప్పినా ఆ పేరు వింటే లేచిపోయేది. జూన్ ఆఖరులో వనజ చిన్నమ్మ వచ్చింది. మా అవ్వ చెల్లెలు, చెన్నూరు అవతల బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉంటుంది. అంతా విని, "నా ఎంబడి రా బిడ్డా, అక్కడ కాలేజీల ఏస్త" అంది.

అమూల్య చున్నీ వెనక నుంచి అడిగింది. "చిన్నమ్మా, మీ దగ్గర సాంచాలుంటయా?"

"సాంచాలెక్కడియి బిడ్డా? బొగ్గు బాయిలే ఉంటయి."

"అయితే వస్త."

బస్టాండుకు నేనే తీసుకుపోయాను. దారిలో చౌరస్తా వచ్చింది. ఆ కర్రలకే ఇంకెవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతోంది, మూడేళ్ల పిల్ల, కింద నెంబర్. అమూల్య అటు చూడలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవర్ ఇంజిన్ మొదలుపెట్టాడు, పాత బస్సు, మా కార్ఖానాను మించిన మోత. అద్దం వెనక నుంచి ఆమె నా వంక చూసి ఏదో చెప్పింది. చిన్న మాట కాదు, కొంచెం పొడవైన మాటే. చున్నీ కదలడం కనబడింది. నూరడుగుల అవతలి పెదవులు చదివేవాణ్ని, రెండడుగుల దూరంలో నాకేమీ తెలియలేదు.

"ఏందే?" అని అరిచాను. బస్సు కదిలింది.

ఆ మాట ఏమిటని నేను తరువాత అడగలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం చిన్నమ్మ ఫోన్ నుంచి చేస్తుంది. వీడియో కాదు, ఉత్త ఫోనే. జేబులో అది వణకగానే సాంచా ఆపి, కార్ఖానా వెనక ఖాళీ జాగాలోకి పోతాను.

"ఎక్కడున్నవన్నా?"

"బయటికొచ్చిన."

"ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరే. చెప్పు."

నిజంగానే అక్కడ ఎవరూ ఉండరు, తుమ్మచెట్టు తప్ప. అయినా చెల్లెలు మాట్లాడినంతసేపూ నేను గోడ వైపు తిరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే జవాబు చెబుతాను.